మాటకు మారుమనస్సు

ధ్యానమునకు: యెహెజ్కేలు 18:1–4, యోహాను 9:1–3, యాకోబు 3:9–10, ఫిలేమోను 15–16



మనుష్యుడు బాప్తిస్మము పొందినప్పుడు పేరు మారును, ఆరాధన మారును, ఆదివారపు దినచర్య మారును. వాని నోటి పలుకుబడి మాత్రము తాతముత్తాతలు ఆడినదే యుండును. పుట్టినది మొదలు విన్న సామెతలు, జాతీయములు, వరుస పిలుపులు, తిట్లు, దీవెనలు మనము ఆలోచింపకయే మన నోటనుండి వచ్చుచుండును. వాటిని మనము కల్పింపలేదు. మన తరువాత మన పిల్లలును వాటినే ఆడుదురు. కాబట్టి ఈ నెల ధ్యానమునకు ఒక ప్రశ్నను తీసికొనుచున్నాము. అందరును ఆడు మాట, ఫలానావాడు కల్పించెనని చెప్పరాని మాట, పాపపు మాట కావచ్చునా? అయిన యెడల దానికి ఉత్తరవాది ఎవడు?

మొదట మన మాటలలోని మేలును చూతము. నీళ్ళ నడుమ బ్రదుకువారి భాషలో నీళ్ళే యుండును. ధవళేశ్వరము దిగువను గోదావరి గౌతమిగాను వసిష్ఠగాను చీలి, మన కోనసీమను నడుమ నుంచుకొని సముద్రమునకు పోవుచున్నది. కాటన్ దొరగారు 1847లో ఆరంభించి 1852లో ముగించిన ఆనకట్ట మూలముగా ఈ నేలకు కాలువలు కలిగెను. ఆ పాత ఆనకట్టకు బదులుగా ఇప్పుడు బ్యారేజి యున్నది. మన ఆత్రేయపురము మండలములోని బొబ్బర్లంక యొద్ద నిలిచినవారికి ఆ నీటి బలము చెప్పనక్కరలేదు. కష్టము తీరినవాడు "గట్టెక్కాను" అనును. కీడు కలిగినవాడు "కొంప మునిగింది" అనును. తొందరపడువానితో "ఇప్పుడేం మునిగిపోయింది?" అందుము. ఒకని రాబడిని చెరిపినవానిని గూర్చి "గండి కొట్టాడు" అందుము. తెలుగువారందరును ఈ మాటలు వాడుదురు గాని మనకు ఇవి కన్నులార చూచిన సంగతులు. 1986 ఆగస్టులో ఏటిగట్లు తెగినప్పుడును, 2022 జూలైలో లంకలు మునిగినప్పుడును కొంప మునుగుట వట్టి మాటగా నుండలేదు.

ఇట్టి మాటలలో నీతియు దాగియున్నది. "ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న" అని మన పెద్దలు కృతఘ్నుని ఎత్తిపొడిచిరి. రేవు దాటించువాని అవసరము ఎరిగిన జనులకే ఈ మాట పుట్టును. పదిమంది కుష్ఠరోగులు బాగుపడగా ఒక్కడే తిరిగివచ్చి ప్రభువునకు కృతజ్ఞత చెల్లించెనని లూకా 17వ అధ్యాయములో చదువునప్పుడు, మిగిలిన తొమ్మండుగురు ఎట్టివారో ఓడ మల్లన్న సామెత తెలిసిన ముసలమ్మకు ప్రసంగీకుడు విడమరచి చెప్పనక్కరలేదు. అక్షరము రాని మన పితరులు తమ జ్ఞానమును గ్రంథములలో గాక నాలుకమీద భద్రపరచుకొనిరి. 1868లో కెప్టెన్ కార్ అను దొర మదరాసులో తెలుగు సామెతలను పెద్ద సంపుటముగా అచ్చువేయించెను గాని, ఆ ధనమంతయు అంతకుముందు పొలముగట్లమీదను, తిరుగళ్ళ యొద్దను, పడవ రేవులలోను నిలువయుండినదే.

దయగల మాటలును మనకు కలవు. ఇంటినుండి బయలుదేరువాడు "పోతాను" అనడు, "వెళ్ళివస్తాను" అనును. వెళ్ళుటలోనే వచ్చుటను కలిపి ఇంటివారికి ధైర్యము చెప్పును. దీపము ఆరినదని చెప్పుటకు మనసొప్పక "కొండెక్కింది" అందుము. బియ్యము అయిపోయినప్పుడు ఇల్లాలు "బియ్యం నిండుకున్నాయి" అనును. ఖాళీయైన కుండను నిండినదని చెప్పు భాష మనది. అది అబద్ధము కాదు. పిల్లలు వినుచుండగా లేమిని పేరు పెట్టి పిలువనొల్లని తల్లి హృదయమది.

అయితే ఇక్కడనే మనము జాగ్రత్తపడవలసియున్నది. మర్యాదగల మాట తెరవంటిది. తెర వెనుక ఏమున్నదో ప్రేమగలవాడే చూడగలడు. పొరుగింటి పొయ్యిలో పిల్లి లేవలేదని విన్నప్పుడు ఆ ఇంట వంట కాలేదని గ్రహించుటకు తెలుగు వచ్చిన చాలును. గ్రహించి చేటలో బియ్యము పోసికొని వెళ్ళుటకు మాత్రము తెలుగు చాలదు, క్రీస్తు ప్రేమ కావలెను. సారెపతు విధవరాలు ఏలీయాతో తన తొట్టిలో పట్టెడు పిండియే మిగిలినదని దాచక చెప్పెను. మన సంఘములలో అట్లు విప్పి చెప్పువారు కొందరే. కానుకలు తెచ్చుట మానినవారిని గూర్చియు, ఆరాధనకు రాక ముఖము చాటుచేయువారిని గూర్చియు తీర్పు తీర్చక మునుపు, వారు ఏ మాట చాటున ఏ లేమిని దాచిరో సంఘపెద్దలు విచారింపవలెను.

మాట చాటున నున్న అర్థము తెలియనప్పుడు శిష్యులు సహా పొరపడిరి. లాజరు నిద్రించుచున్నాడని ప్రభువు సెలవిచ్చినప్పుడు, నిద్రపట్టిన రోగి బాగుపడును గదా అని వారనుకొనిరి. అంతట ఆయన లాజరు చనిపోయెనని వారికి తేటగా చెప్పవలసివచ్చెను. నేడు మనము మన మృతులను గూర్చి "ప్రభువునందు నిద్రించెను" అని చెప్పుచున్నాము. పునరుత్థానమును నమ్ముటచేతనే ఈ జాతీయము మనకు కలిగెను. సమాధుల తోటకు ఇంగ్లీషులో సెమెటరీ అను పేరుకూడ నిద్రించు స్థలము అను గ్రీకు మాటనుండి వచ్చినదే. ఇదిగో, విశ్వాసము ఒక జనుల నుడికారమును ఎట్లు మార్చగలదో చూడుడి. చచ్చినవాడు పోయినవాడు కాడు, పండుకొన్నవాడు, తెల్లవారినప్పుడు లేచును.

లేఖనములు ఒక భాషనుండి మరియొక భాషకు వచ్చునప్పుడు ఈ కష్టము మరి ఎక్కువ. లండన్ మిషనువారు 1805లో విశాఖపట్టణమునకు వచ్చిరి. వారిలో డెస్ గ్రాంజెస్ గారు ఆనందరాయరు అను తెలుగు విశ్వాసి సహాయముతో సువార్తలను తెలుగుచేయుటకు పూనుకొనిరి. 1810లో ఆయన మరణించెను. ఆయన తెలిగించిన మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చయ్యెను. అట్టివారు ఎంచుకొనిన ప్రతి మాటకును మన దేశములో ముందే ఒక అర్థముండెను. జన్మ అను మాటనే తీసికొనుడి. క్రొత్తగా జన్మింపవలెనని ప్రభువు చెప్పగా నీకొదేము తల్లి గర్భమును గూర్చి అడిగెను. మన ఊరిలో క్రొత్తగా వినువాడు అదే మాట విని మరుజన్మ అనుకొనును. సువార్త చెప్పుచున్నదో, ఈ జీవితములోనే దేవుని ఆత్మవలన కలుగు క్రొత్త ఆరంభమును గూర్చి.

మరియొకటి చూడుడి. శత్రువు ఆకలిగొనిన యెడల అన్నము పెట్టుమనియు, అట్లు చేయుట అతని తలమీద నిప్పులు కుప్పవేయుట యగుననియు పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయములో సామెతల గ్రంథమునుండి ఎత్తి చెప్పెను. తెలుగులో "మా సంసారంలో నిప్పులు పోశాడు" అనినచో నాశనము చేసెనని అర్థము. కాబట్టి మనలో కొందరు ఈ వాక్యమును విని, శత్రువును కాల్చుటకు అన్నము పెట్టుట మంచి ఉపాయమని తలంచుదురు. ఆ వెంటనే యున్న వచనము మేలుచేత కీడును జయింపుమని చెప్పుచున్నది గదా. అనేక వ్యాఖ్యాతలు చెప్పునట్లు, అక్కడి నిప్పు అతని మనస్సాక్షిని తాకు సిగ్గు, కాల్చివేయు పగ కాదు. ఆత్రేయపురము పూతరేకు పైకి కాగితమువలె కనబడును. లోపలి తీపి నోట వేసికొనిన వానికే తెలియును. జాతీయమును అట్లే మడత విప్పక తీర్పు చెప్పరాదు.

ఇంతవరకు మాటను గ్రహించుటను గూర్చి చెప్పితిమి. ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చుచున్నాము. యెహెజ్కేలు 18వ అధ్యాయములో ఆశ్చర్యమైన సంగతి యొకటి యున్నది. దేవుడు ఒక సామెతను నిషేధించెను! విగ్రహమును నిషేధించుట మనకు తెలియును, దొంగతనమును నిషేధించుట తెలియును. ఇక్కడ జనులందరి నోట నానుచున్న ఒక వాడుక మాటను ఇకమీదట ఇశ్రాయేలులో పలుకకూడదని తన జీవముతోడని ప్రమాణముచేసి చెప్పెను. ఆ జనులు బబులోనులో చెరలో నుండిరి. వారు కాపురమున్న కెబారు నది వట్టి ఏరు కాక పొలములకు నీరు పారించు కాలువయని పండితులు చెప్పుదురు. మనవలెనే వారును కాలువగట్టు జనులైయుండిరి. తండ్రులు పుల్లని ద్రాక్షకాయలు తినగా పిల్లల పళ్ళు పులిసెనని వారి సామెత. వినుటకు చమత్కారముగానే యున్నది. దాని లోపలి అర్థమేమనగా: మా కష్టము మా పెద్దల పాపఫలము; ఇందులో మా తప్పేమియు లేదు; మేము చేయగలిగినదియు ఏమియు లేదు. ఒక్క మాటతో వారు తమ పాపమును కడిగివేసికొనిరి, తమ నిరీక్షణను ఆర్పివేసికొనిరి, దేవుని అన్యాయస్థునిగా చేసిరి. అందుచేత ప్రతి ఆత్మయు నాదేయని దేవుడు వారికి ప్రత్యుత్తరమిచ్చెను. ఎవని క్రియకు వాడే ఉత్తరవాది. తిరిగిన ప్రతివానికిని బ్రదుకు కలదు.

మన పులిసిన ద్రాక్షకాయలు ఏవి? "తలరాత" అందుము. "రాసిపెట్టి ఉంటే జరుగుతుంది" అందుము. సుఖపడువానిని చూచి "పెట్టి పుట్టాడు" అందుము, అనగా పోయిన జన్మలో దానధర్మములు చేసి పుట్టెనని. కష్టపడువారిని చూచి "చేసుకున్నవారికి చేసుకున్నంత" అందుము. కాళ్ళు రాని బిడ్డను చంకనెత్తుకొని వచ్చిన తల్లితో "ఏ జన్మలో ఏ పాపం చేశావో అమ్మా" అని జాలిపడుచున్నట్లే పలుకుదుము. ఇతరులను నిందించుటకు ఇది వ్రాయుటలేదు. పూర్వజన్మను నమ్మువారు ఆ మాట పలికిన యెడల అది వారి నమ్మిక. పూర్వజన్మను నమ్మని మనము ఆ మాట పలుకుట ఏమి? మన విశ్వాస ప్రమాణములో లేని సిద్ధాంతము మన పరామర్శలో జీవించుచున్నది. ఆదివారమున పెదవులు ఒప్పుకొనిన దానిని సోమవారమున పెదవులే కాదనుచున్నవి.

పుట్టు గ్రుడ్డివాని యెదుట శిష్యులును ఇట్టి ప్రశ్ననే వేసిరి. వీడు పాపము చేసెనా, వీని కన్నవారు చేసిరా? ఆ ప్రశ్న వారు కల్పించినది కాదు, ఆ కాలపు వాడుకయే. ప్రభువు వీడును కాదు, వీని కన్నవారును కారని ఆ ప్రశ్ననే త్రోసివేసెను. తరువాత బురద చేసి వాని కన్నులమీద పూసెను. గమనించుడి, శిష్యుల మాట కారణమును వెదకి అక్కడనే నిలిచిపోయెను. ప్రభువు మాట వెంట ఆయన చేయి కదలెను. తలరాత అను మాటలోని పెద్ద కీడు ఇదియే. అది కన్నీరు తుడువదు, అయినను ఓదార్చితిమని మనలను తృప్తిపరచును.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. మనలో కొందరు తలరాత అను మాటను మానిరి గాని దానికి తెల్లబట్ట కట్టి "దేవుని చిత్తము" అని పిలుచుచున్నారు. జ్వరము వచ్చిన బిడ్డను ఆస్పత్రికి తీసికొని వెళ్ళుటకు మూడు దినములు ఆలస్యము చేసి, బిడ్డ పోయిన తరువాత దేవుని చిత్తమందురు. మురుగుకాలువ పూడిక తీయరు. విషజ్వరము వచ్చిన దేవుని చిత్తమందురు. త్రాగి భార్యను కొట్టువానిని ఎవరును మందలింపరు; ఆమె ఏడ్చిన యెడల నీ సిలువ నీవు మోయవలెనందురు. సహోదరులారా, గెత్సేమనే తోటలో ప్రభువు తండ్రి చిత్తమును గూర్చి ప్రార్థించినది తాను త్రాగవలసిన గిన్నెను గూర్చియే. ఇంకొకని గిన్నెను గూర్చి, కదలక కూర్చుండి ఆ మాట చెప్పుటకు మనకు అధికారము లేదు. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా నేలను కూర్చున్నంతవరకు మంచి స్నేహితులే. వారు నోరు తెరచి పెద్దల సూక్తులు వల్లించిన తరువాత యోబు ఆ సూక్తులను బూడిదతో పోల్చెను. చావు ఇంటిలో మాట దొరకనప్పుడు సామెత వెదకకుడి. ప్రక్కను కూర్చుండుడి. నీళ్ళు తెచ్చి పెట్టుడి. పశువులకు గడ్డి వేయుడి. అదియు మాటయే.

ఇక వరుస పిలుపులకు వత్తము. మన గోదావరి వైపు ప్రతి మాట చివరను "అండీ" చేర్చుటను, "ఆయ్" అని వినయముగా పలుకుటను చూచి ఇతర జిల్లాలవారు నవ్వుకొందురు. రక్తసంబంధము లేనివానిని బాబాయి యనియు, మావయ్య యనియు, పిన్ని యనియు పిలుచుట మన అందము. అయితే మన "అండీ" ఎవరికి చెల్లుచున్నది? "నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" అని మన సామెత. నీరు ఎప్పుడును పల్లమునకు పారును. మన మర్యాద మాత్రము ఎప్పుడును మెరకకే పారుచున్నది. కాలువ నీరు శివారు పొలమునకు అందని యెడల రైతు గగ్గోలు పెట్టును, అధికారుల యొద్దకు పోవును. మర్యాద శివారు పేటకు అందలేదని గగ్గోలు పెట్టువాడెవడు?

పదేండ్ల పిల్లవాడు కాలువగట్టున నిలిచి అరువదేండ్ల కూలివానిని "ఒరేయ్" అని పిలుచుటయు, ఆ వృద్ధుడు చేతులు కట్టుకొని "ఆయ్ బాబూ" అని పలుకుటయు మన పెద్దలు ఎరిగిన సంగతియే. నేడు అది తగ్గినది గాని అంతరింపలేదు. మన సంఘములలో అనేకుల తాతలు ఆ పిలుపు విన్నవారే. కులము పేరే తిట్టుగా మారిన సామెతలు మన భాషలో కలవు; అవి ఈ పత్రికలో అచ్చువేయదగినవి కావు. అట్టి అవమానమును శిక్షించుటకు 1989లో మన దేశములో శాసనము కలిగెను. శాసనము నోటిని కొంతవరకు కట్టగలదు, హృదయమును మార్చుట దేవుని పని. అందుచేత దెబ్బ తిన్నవారమైన మనమే మరి జాగ్రత్తగా నుండవలెను. "ఒరేయ్" విని ఏడ్చిన ఇంటనుండియే వీధి ఊడ్చువానిని "ఒరేయ్" అని పిలుచు కంఠము వినబడిన యెడల ఏమందుము? భార్యను "అది" అనియు, కోడలిని "దాన్ని పిలు" అనియు చెప్పువాడు మందిరములో దేవుని నామము నెత్తునప్పుడు ఎంతో భక్తితో "ఆయన" అనును. ఆ నాలుకతోనే తండ్రిని స్తుతించి, ఆయన పోలికెచొప్పున పుట్టిన మనుష్యులను శపించుట తగదని యాకోబు వ్రాసినది దీనిని గూర్చియే. తెలుగు వ్యాకరణములో తప్పు లేదు. గౌరవము చూపుటకు "గారు" అనియు, "వచ్చారు" అనియు చెప్పు వీలు మన భాష ఇచ్చియే యున్నది. దానిని ఎవరికి ఇయ్యనొల్లమో అక్కడనే మన తప్పు.

క్రీస్తుయేసు తన మహిమను పట్టుకొనక దాసుని రూపము ధరించి దిగివచ్చెనని ఫిలిప్పీ పత్రిక చెప్పుచున్నది. మర్యాద పల్లమునకు పారుట అనగా అదియే. పౌలు ఫిలేమోనుకు వ్రాసిన చిన్న పత్రికను చూడుడి. ఒనేసిము దాసుడు, యజమానుని ఇల్లు విడిచి పోయినవాడు. అతనిని తిరిగి పంపుచు పౌలు రోమా సామ్రాజ్యపు చట్టమును మార్చలేదు, అది ఆయన చేతిలో లేదు. ఆయన చేతిలో నున్నది ఒక పిలుపు. దాసునిగా కాక ప్రియ సహోదరునిగా అతని చేర్చుకొనుమని కోరెను. మరునాటి ఉదయమున ఆ ఇంటిలో ఫిలేమోను నోరు తెరచి ఒనేసిమును ఏమని పిలిచెనో, అక్కడనే ఆ పత్రిక నెరవేరవలెను. మందిరములో "బ్రదర్" అనియు, పొలముగట్టున "ఒరేయ్" అనియు పిలుచు సంఘము ఆ పత్రికను చదివినదే గాని అందుకొనలేదు.

ఇక్కడ ఒకరు అడుగుదురు. "అయ్యగారూ, మనస్సు మంచిదైతే చాలదా? అలవాటుగా వచ్చిన మాటకు ఇంత లెక్క ఎందుకు?" న్యాయమైన ప్రశ్నయే. కోపమున ఆలోచించి తిట్టిన తిట్టుకును, అలవాటుగా జారిన మాటకును భేదము కలదు. అయినను రెండు సంగతులు ఆలోచింపుడి. వ్యర్థమైన ప్రతి మాటకును లెక్క చెప్పవలెనని ప్రభువే సెలవిచ్చెను. ఆలోచింపక వచ్చు మాటయే హృదయమున దేనితో నిండియున్నామో చూపును. ఆలోచించి ఆడు మాటను ఎవడైనను చక్కగా అమర్చుకొనగలడు. రెండవది, మాట తగిలినవాడు మన మనస్సును చూడలేడు. వానికి మాటయే తగులును. "చెవిటివాని ముందు శంఖమూదినట్లు" అని మనము నవ్వుచు అందుము. మూడవ బల్లమీద చెవులు వినబడని సహోదరుడు కూర్చుండియున్నాడు, ఆయన తల్లి ప్రక్కనే యున్నది. ఆయనకు వినబడదు, ఆమెకు వినబడును. చెవిటివానిని తిట్టకూడదని లేవీయకాండము 19వ అధ్యాయములో దేవుడు ఆజ్ఞాపించెను. వినలేనివానిని గూర్చి ఆడిన మాటను దేవుడు వినుచున్నాడు.

అట్లని మన సామెతలన్నిటిని గోదాట్లో కలుపవలెనని మేము చెప్పుటలేదు. దేవుడు నిషేధించినది ఒక సామెతను. భద్రపరచినది సామెతల గ్రంథమంతటిని. వైద్యుని గూర్చిన వాడుక మాటను ప్రభువే నజరేతులో ఎత్తి చెప్పెను. ప్రతి మాటకు భయపడువాడు తుదకు పొరుగువానితో మాటలాడుటయే మానును. అదియు ప్రేమ కాదు. ఒక్క పరీక్ష చాలునని మేము తలంచుచున్నాము. ఈ మాట ఎవనిని గూర్చినదో వాడు మన ప్రక్కనే ప్రభువు బల్ల యొద్ద మోకరించియున్న యెడల, ఈ మాటను వాని వినికిడిలో పలుకగలమా? "గట్టెక్కాము" అని పలుకవచ్చును. వాడును మనతో సంతోషించును. "వెళ్ళివస్తాను" అని పలుకవచ్చును. "ఏ జన్మలో ఏ పాపమో" అని పలుకలేము. "పెట్టి పుట్టాలి" అని పలుకలేము. కులమెత్తిన సామెతను పలుకలేము. పలుకలేని మాటను వాని వెనుకను కూడ పలుకవద్దు.

ఇక మొదటి ప్రశ్నకు ఉత్తరమిదియే. ఆ సామెతను మొదట కల్పించినవాడెవడని దేవుడు యెహెజ్కేలును అడుగలేదు. దానిని పలుకుచున్నవారినే అడిగెను, మీరేల పలుకుచున్నారని. మాట పితరులనుండి వచ్చును గాని దానిని మరల పలుకుట నేడు మన వంతు. ఆపుటయు మన వంతే. ఒక ఇంటిలో తల్లి ఒక మాట మానిన యెడల ఆమె పిల్లలకు ఆ మాట రాదు. చట్టములు చేయలేని పని, ధనము చేయలేని పని, చదువు రాని తల్లి తన వంటపొయ్యి యొద్ద చేయగలదు. ఆదివార బడి పంతుళ్ళును పిల్లలకు కంఠత వాక్యములతో కూడ, పాకీ పనివానిని, పాలేరును, బిచ్చగానిని ఏమని పిలువవలెనో నేర్పవలెను.

ప్రధాన యాజకుని ముంగిట పేతురు నేను ఆయనను ఎరుగనని బొంకినప్పుడు, అతని పలుకు గలిలయ పలుకని అక్కడివారు గుర్తుపట్టిరి. నోరు కాదన్నదానిని యాస ఔనన్నది. మన గోదావరి యాస మనతోనే యుండనిండు, అది దేవుడిచ్చిన సొంపు. ఆ యాసలోనే మనము ఎవరివారమో వినువారికి తెలియును గాక.

ప్రార్థన: పరలోకమందున్న తండ్రీ, మాకు మా భాషను ఇచ్చినందుకు స్తోత్రము. మా పెద్దల మాటలలోని మేలును కాపాడుము, కీడును మా నోటనే ఆపివేయుము. మా మర్యాద పల్లమునకు పారునట్లు చేయుము. దుఃఖించువారి యొద్ద మాకు సామెతలు కాక కన్నీళ్ళును, పనిచేయు చేతులును దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.